బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత ఇంట్లో మింగాల్సిన ఆ మాత్ర గురించి

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని డిశ్చార్జ్ అయినవాళ్ళ చీటీ కౌంటర్ మీద పెట్టగానే గుర్తుపడతాను. పొట్టలో యాసిడ్ తగ్గడానికి ప్యాంటాప్రజోల్, వాంతులకు ఆండాన్‌సెట్రాన్, నొప్పికి పారాసిటమాల్, ప్రొటీన్ పౌడర్, నమిలే విటమిన్ మాత్రలు. చాలా చీటీల్లో వీటన్నిటి కింద రివరాక్సబాన్ 10 అనో, అపిక్సబాన్ 2.5 అనో ఇంకో వరస ఉంటుంది. బిల్లు వేసేటప్పుడు చీటీ తెచ్చినవాళ్ళు వేలు పెట్టి ఆపేది సరిగ్గా అక్కడే. "ఇది దేనికమ్మా? నొప్పి గోలీనా? నొప్పి ఏం లేదంటున్నాడు. ఐదు చాలు, మిగతావి మళ్ళీ తీస్కపోతం." పారాసిటమాల్ మాత్రం రెండు స్ట్రిప్పులు తీసుకుంటారు. కత్తెరతో కత్తిరించిన ఆ ఐదు మాత్రలు అయిపోయాక మళ్ళీ వచ్చేవాళ్ళు తక్కువ.

మాది వారాసిగూడలో చిన్న మెడికల్ షాపు. నాన్న పెట్టింది. నేను బీఫార్మసీ చేసి ఆయన పక్కన నిలబడి పని నేర్చుకున్నాను, ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. సికింద్రాబాద్ చుట్టుపక్కల ఆస్పత్రుల చీటీలన్నీ మా దగ్గరికి వస్తుంటాయి. ఒకప్పుడు ఈ ఆపరేషన్ చీటీ ఎప్పుడో ఒకటి కనపడేది, ఇప్పుడు తరచూ వస్తోంది. పోయిన వేసవిలో మా ఇంట్లోనే వదినకు చేయించాం. బీఎంఐ (ఎత్తుతో పోలిస్తే బరువు ఎంతో చెప్పే లెక్క) 44, షుగర్, నిద్రలో ఊపిరి ఆగిపోయే సమస్య, మోకాళ్ళ నొప్పులు. స్లీవ్ చేశారు, అంటే పొట్టలో ముప్పావు వంతు దాకా తీసేసి మిగిలినదాన్ని సన్నటి గొట్టం ఆకారంలో ఉంచారు. ఆపరేషన్ గురించి యూట్యూబ్‌లో వంద వీడియోలు ఉన్నాయి. ఇంటికొచ్చాక ఆ మాత్ర ఎందుకో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. వదిన రాయమంది, అందుకే రాస్తున్నాను.

ఆ మాత్ర రక్తం గడ్డకట్టకుండా ఆపడానికి. ఈ ఆపరేషన్‌లో గడ్డ ఎందుకు కడుతుందో తెలిస్తే, ఐదు చాలు అనే మాట నోట రాదు.

కాళ్ళలోని రక్తం గుండె దాకా ఎక్కాలంటే పిక్క కండరాలు పిండుతూ ఉండాలి. ఆపరేషన్ బల్ల మీద, మత్తులో, ఆ పని ఆగిపోతుంది. పైగా చిన్న రంధ్రాల గుండా చేసే లాప్రోస్కోపీ కోసం కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. ఆ ఒత్తిడికి కాళ్ళ నుంచి పైకి వచ్చే సిరలు నొక్కుకుపోతాయి. పొట్ట పైభాగం బాగా కనపడాలని బల్లను తలవైపు ఎత్తి ఉంచుతారు, దాంతో రక్తం కాళ్ళలోనే నిలుస్తుంది. రక్తం నిలిచిపోవడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం అని రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ వైద్యుడి పేరుతో మూడు కారణాలు మేం కాలేజీలో చదువుకున్నాం. ఇక్కడ ఆ మూడూ ఒకే మనిషిలో కలుస్తాయి. మూడోది ఊబకాయం ఉన్నవాళ్ళలో ఆపరేషన్‌కు ముందునుంచే ఉంటుంది, ఎందుకంటే కొవ్వు కణాల నుంచి వచ్చే కొన్ని పదార్థాలు ఏర్పడిన గడ్డలు కరగకుండా అడ్డుపడతాయి.

పిక్కలోనో తొడలోనో కట్టిన గడ్డ అక్కడే ఉంటే కాలు వాస్తుంది. అది ఊడి, గుండె గుండా వెళ్ళి ఊపిరితిత్తుల్లో రక్తనాళానికి అడ్డుపడితే మనిషికి నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. భయపెట్టాలని చెప్పడం లేదు. జాగ్రత్తలన్నీ తీసుకుంటే ఇలా జరిగేది నూటికి ఒకరికన్నా తక్కువ మందికే. కానీ ఈ ఆపరేషన్ తర్వాత జరిగే మరణాలకు ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఇంట్లోవాళ్ళకు తెలియాల్సిన అసలు సంగతి ఇంకొకటుంది. అమెరికాలో వేలమంది పేషెంట్ల రికార్డులు చూసి తేల్చినదేమిటంటే, ఈ గడ్డల్లో ఎక్కువ భాగం ఆస్పత్రిలో ఉన్నప్పుడు రావు. ఇంటికి పంపించాక, మొదటి నెల రోజుల్లో వస్తాయి.

ఆస్పత్రిలో ఉన్నంతసేపు కాళ్ళకు గాలి నిండి ఖాళీ అయ్యే పట్టీలు వేస్తారు, పూటపూటకూ సూది ఇస్తారు, సాయంత్రానికే నర్సు లేపి వరండాలో నడిపిస్తుంది. ఇంటికొస్తే ఆ పట్టీలూ లేవు, ఆ నర్సూ లేదు. కుట్లు చిన్నవి, నొప్పి తక్కువ, రెండు మూడు రోజుల్లో పంపించేస్తారు కాబట్టి గండం గడిచిందనుకుంటాం. ఆపరేషన్‌లో ఆఖరి భాగం ఇంట్లోనే జరుగుతుంది. దాన్ని జరిపించాల్సింది మనమే.

మొదట్లో ఇంటికి కూడా సూదులే రాసేవాళ్ళు, ఇప్పటికీ చాలామంది సర్జన్లు వాటికే మొగ్గు చూపుతారు. ఎనాక్సాపారిన్ అని, ముందే మందు నింపిన సిరంజి, కడుపు చర్మం కింద పొడుచుకోవాలి. బరువు ఎక్కువ ఉన్నవాళ్ళకు మామూలుగా 40 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు ఇస్తారు. మందు మంచిదే, ఏళ్ళ తరబడి అనుభవం ఉన్నదే. కానీ ఇంట్లో తనకు తాను సూది పొడుచుకునేవాళ్ళు ఎంతమంది? గల్లీలో కాంపౌండర్ కోసం ఎదురుచూస్తారు, అతను రాని పూట మానేస్తారు, కడుపు మీద నీలం మచ్చలు చూసి భయపడి మిగతావి వాపస్ తెస్తారు. మాత్రలు ఈ ఇబ్బంది తీర్చాయి.

స్విట్జర్లాండ్‌లో ఈ ఆపరేషన్ అయినవాళ్ళ మీదే బరివా అనే ట్రయల్ చేశారు, ఫలితాలు 2023లో వచ్చాయి. సుమారు 270 మందికి రివరాక్సబాన్ 10 మిల్లీగ్రాములు రోజుకొకటి, కొందరికి 7 రోజులు, కొందరికి 28 రోజులు ఇచ్చారు. రెండు వర్గాల్లోనూ గడ్డలు చాలా అరుదు, పెద్ద రక్తస్రావాలూ తక్కువే. ఆ ట్రయల్ మరీ పెద్దదేం కాదు, అందులో సూదితో నేరుగా పోల్చి చూడలేదు కూడా. అందుకే ఎవరికి సూది, ఎవరికి మాత్ర, ఎన్ని రోజులు అన్నది సర్జన్ మనిషిని బట్టి నిర్ణయిస్తారు. బీఎంఐ 50 దాటినవాళ్ళు, ఇంతకుముందు ఎప్పుడైనా గడ్డ కట్టినవాళ్ళు, సరిగా నడవలేనివాళ్ళు, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, పొగతాగేవాళ్ళు, మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్ళాల్సి వచ్చినవాళ్ళు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కిడ్నీల పరిస్థితి కూడా చూసుకునే మందు రాస్తారు.

పొట్ట చిన్నదైపోయాక మింగిన మాత్ర ఒంటికి పడుతుందా అని వదిన అడిగింది. మంచి ప్రశ్న. రివరాక్సబాన్ ఎక్కువగా పొట్టలోనూ, చిన్నపేగు మొదటి భాగంలోనూ ఒంట్లోకి వెళ్తుంది. అందుకే బైపాస్ అయినవాళ్ళ (గుండెది కాదు, పొట్టను చిన్న సంచిలా చేసి తిండిని చిన్నపేగు మొదటి భాగం దాటించే ఆపరేషన్) విషయంలో డాక్టర్లు మరికాస్త ఆలోచిస్తారు. ఇందులో 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు అన్నంతోనే వేసుకోవాలి, లేకపోతే సరిగా పట్టవు. మొదటి రోజుల్లో నీళ్ళ ఆహారం మీద ఉన్నవాళ్ళు అంత తినలేరు. నివారణకు రాసే 10 మిల్లీగ్రాముల మాత్రకు ఆ బాధ లేదు, తిన్నా తినకపోయినా ఒకటే. అపిక్సబాన్‌కు కూడా తిండితో సంబంధం లేదు, కాకపోతే రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. మింగడం కష్టంగా ఉంటే ఈ రెండు మాత్రలనూ పొడి చేసి నీళ్ళలో కలిపి తాగొచ్చు, ఒకమాట సర్జన్‌ను అడిగి. డాబిగాట్రాన్ అనే క్యాప్సూల్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు, లోపలి గింజలు ఒలిచి మింగితే మందు మోతాదు మించిపోతుంది. దానికి పొట్టలో యాసిడ్ కూడా కావాలి, అందుకే ఈ ఆపరేషన్ తర్వాత దాన్ని పెద్దగా వాడరు. గుండె కవాటాలు మార్పించుకుని రక్తం గడ్డకట్టకుండా ఏళ్ళుగా ఎసిట్రోమ్ అనే మాత్ర వేసుకుంటున్నవాళ్ళు ఈ ఆపరేషన్‌కు వెళ్తే అది వేరే లెక్క. తిండి తగ్గగానే, ఆ మందుకు ఎదురు పనిచేసే విటమిన్ కె ఒంట్లోకి వెళ్ళడం తగ్గుతుంది, పాత డోసే ఎక్కువైపోతుంది. వాళ్ళు రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష వెంటవెంటనే చేయించుకోవాలి.

ఇక మా ఇంటి సంగతి. వదినను ఇంటికి తీసుకొచ్చేసరికి అమ్మ పడకగదిలో మంచం సర్ది, కిటికీలు మూసి, పథ్యానికి అన్నీ సిద్ధం చేసి పెట్టింది. "కడుపు కోసిన్రు బిడ్డా, పచ్చి ఒళ్ళు. మంచం దిగకు. నీళ్ళు ఎక్కువ తాగితే కుట్లు చీము పడ్తయి." వదిన "సరే అత్తమ్మా" అని పడుకుంది. అమ్మ మాటలో ప్రేమ తప్ప ఇంకేం లేదు. మన ఇళ్ళలో బాలింతకైనా, ఆపరేషన్ అయినవాళ్ళకైనా తరతరాలుగా చేస్తున్నది ఇదే, కదలనివ్వకపోవడం, నీళ్ళు తగ్గించడం. కానీ గడ్డ కట్టడానికి కావాల్సినవి కూడా సరిగ్గా ఈ రెండే. కదలకపోతే కాళ్ళలో రక్తం నిలుస్తుంది, నీళ్ళు తగ్గితే చిక్కబడుతుంది. మే నెల హైదరాబాద్ ఎండలో, గ్లాసు నీళ్ళు కూడా ఒకేసారి పట్టని పొట్టతో ఉన్న మనిషికి ఇది ఇంకా ప్రమాదం.

అమ్మకు విర్కో గురించి చెప్తే వినదు కదా. వదిన మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంటే అమ్మ చేయి తీసుకుని ఆమె పిక్క మీద పెట్టాను. "వదినా, పాదం ముందుకు వంచు, ఇప్పుడు వెనక్కి లాగు" అన్నాను. అరచేతి కింద కండ బిగిసి, వదులై, మళ్ళీ బిగిసింది. "అమ్మా, ఇది బిగిసినప్పుడల్లా రక్తం పైకి పోతది. ఇది ఆగితే అక్కడే గడ్డ కడ్తది" అన్నాను. అమ్మ చేయి తీయకుండా ఇంకో కాలు కూడా పట్టి చూసింది. తర్వాత లేచి, అటక మీద డబ్బాలో ఉన్న ఉగ్గుగిన్నె తీసి, చింతపండుతో తోమి తెచ్చింది. నా పిల్లలకు ఉగ్గు పట్టిన వెండి గిన్నె అది. స్లీవ్ అయినవాళ్ళు గ్లాసు ఎత్తి గటగటా తాగకూడదు, కొద్దికొద్దిగా చప్పరించాలి. ఆ గిన్నె కొమ్ము నుంచి ఒక్కో గుక్క వదిన నోట్లో పడేది. తేట మజ్జిగ, పప్పు కట్టు, కొబ్బరి నీళ్ళు, మామూలు నీళ్ళు, పొద్దుటి నుంచి రాత్రి దాకా అమ్మ ఆ గిన్నె నింపుతూనే ఉంది. రోజు మొత్తం మీద లీటరున్నర తగ్గకూడదని సర్జన్ చెప్పారు, అమ్మ ఒక సీసా మీద గీతలు పెట్టి లెక్క చూసుకునేది. నడకకు తెల్లవారుజామున గల్లీ చివరి హనుమాన్ గుడి దాకా అన్నయ్య తీసుకెళ్ళేవాడు. ఎండ ఎక్కాక హాలు నుంచి వంటింటికి, వంటింటి నుంచి హాలుకు. టీవీ చూసేటప్పుడు కూడా పాదాలు ఆడిస్తూ ఉండాలన్నది అమ్మ ఆర్డర్.

మాత్ర వేళ మారకుండా చూసుకోవాలి. వదినకు రాత్రి తొమ్మిదింటికి, సీరియల్ అయిపోగానే. రోజుకొకటి వేసుకునే రివరాక్సబాన్ ఎప్పుడైనా మరిచిపోతే, అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే ఆ రోజుది ఒక్కటే, రెండు కలిపి వేసుకోకూడదు.

ఇప్పుడు షాపులో కూర్చుని రోజూ చూసే ప్రమాదాలు చెప్తాను. ఒకటి నొప్పి మాత్రలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ అలవాటు. ఈ మాత్రతో అవి కలిస్తే రక్తస్రావం, అందులోనూ కొత్తగా కుట్టిన పొట్టలో. బైపాస్ అయినవాళ్ళకైతే కుట్టు దగ్గర పుండు పడుతుంది కాబట్టి ఆ రకం మాత్రలు తర్వాత కూడా వద్దంటారు. రెండోది తామర. హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా తామర, దానికి ఇట్రాకొనజోల్ చీటీ లేకుండానే అడుగుతారు. అది రివరాక్సబాన్‌ను ఒంట్లో పేరుకునేలా చేస్తుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపీన్ దీనికి ఎదురు పనిచేస్తాయి, వాటితో ఈ మందు ఒంట్లో నిలవదు. కాబట్టి ఆ నెల రోజులూ ఏ షాపులో ఏ మాత్ర కొన్నా ముందు ఈ స్ట్రిప్పు చూపించండి.

మూడోది ఆడవాళ్ళు బాగా వినాలి. పూజ ఉందనో, పెళ్ళి ఉందనో నెలసరి వాయిదా వేసుకునే మాత్రలు మన దగ్గర చాక్లెట్లంత తేలిగ్గా కొంటారు. వాటిలో ఉండే నోరెథిస్టిరోన్ ఆ డోసులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది, ఈస్ట్రోజన్ గడ్డలు కట్టే గుణాన్ని పెంచుతుంది. ఈస్ట్రోజన్ ఉండే గర్భనిరోధక మాత్రలదీ అదే దారి. అలాంటివి ఆపరేషన్‌కు ముందే ఎప్పుడు ఆపాలో, బదులుగా ఏం వాడాలో డాక్టర్‌ను అడగాలి. వదినకు ఆపరేషన్ తర్వాత దగ్గరి బంధువుల గృహప్రవేశం వచ్చింది. నెలసరి అడ్డమొస్తుందేమో, ఒక్కసారికి ఏం కాదులే అని ఎవరో చుట్టం సలహా ఇచ్చారు. వదిన వేసుకోలేదు, గృహప్రవేశానికి వెళ్ళింది, పీటల మీద కూర్చోలేదు, అంతే. ఇంకో మాట. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు మీద ఉన్నప్పుడు నెలసరి ఎక్కువ కావచ్చు. వదినకు అయింది. అప్పుడు చేయాల్సింది మాత్ర మానేయడం కాదు, సర్జన్‌కు ఫోన్ చేయడం. నల్లటి జిగట విరేచనం, వాంతిలో రక్తం, కళ్ళు తిరగడం ఉంటే ఫోన్ కూడా కాదు, నేరుగా ఎమర్జెన్సీకే. ఐరన్ మాత్రల వల్ల కూడా విరేచనం నల్లగా వస్తుంది, అయినా ఏది ఏమిటో ఇంట్లో తేల్చుకోవద్దు.

మా కస్టమర్ ఒకాయన సంగతి కూడా చెప్పాలి. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే బస్సులో ఊరెళ్ళి వచ్చాడు, గంటల తరబడి కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. మాత్రలు మొదటి స్ట్రిప్పుతోనే ఆపేశాడు. వచ్చి ఆయింట్‌మెంట్ అడిగాడు, పిక్క పట్టేసిందట. రాత్రి వాళ్ళావిడ నువ్వుల నూనె వెచ్చచేసి రాసి పిండిందట. ప్యాంటు పైకి లాగమన్నాను. ఎడమ పిక్క కుడిదానికంటే లావుగా, ఎర్రగా, మెరుస్తూ ఉంది. వేలితో నొక్కితే గుంట పడింది. ఆయింట్‌మెంట్ ఇవ్వలేదు. నూనె రాయడం, పిండడం, కాపడం పెట్టడం అన్నీ ఆపమని, గడ్డ ఉంటే పిండినప్పుడు ఊడి పైకి పోతుందని చెప్పి, ఆటో పిలిచి ఆస్పత్రికి పంపించాను. సిరల్లో రక్తం పారుతోందో లేదో చూపే డాప్లర్ స్కాన్ తీశారు, గడ్డే. సమయానికి దొరికింది.

అక్కడ ఆయన అడిగిన ప్రశ్న చాలామందికి వస్తుంది. ఇంట్లో మిగిలిన అవే మాత్రలు మళ్ళీ మొదలుపెడితే సరిపోదా అని. సరిపోదు. గడ్డ రాకుండా ఆపే డోసు వేరు, వచ్చిన గడ్డకు ఇచ్చే డోసు వేరు. ఈ ఆపరేషన్ అయిన కొత్తలో గడ్డ కడితే, పొట్ట నుంచి మందు ఎంత పడుతుందో నమ్మలేం కాబట్టి మొదటి కొన్ని వారాలు సూదుల మీదే ఉంచాలని 2021లో అంతర్జాతీయ నిపుణుల సంఘం సూచించింది. ఆయనకు కూడా సూదులే ఇచ్చారు.

ఒక కాలే వాచడం, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, గుండె దడ, దగ్గులో రక్తం, సొమ్మసిల్లడం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా తెల్లవారే దాకా ఆగొద్దు. స్లీవ్ అయినవాళ్ళలో ఇంకో రకం కూడా ఉంది. కడుపులో పేగుల నుంచి లివర్‌కు వెళ్ళే సిరల్లో గడ్డ కట్టడం. అరుదు, కానీ తరచుగా రెండో వారం ఆ ప్రాంతంలో వస్తుంది, నీళ్ళు సరిగా తాగనివాళ్ళలో ఎక్కువ. తగ్గని కడుపునొప్పి, వాంతులు, ఒక్కోసారి జ్వరం. గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చుంటారు. సీటీ స్కాన్ తీస్తేగానీ తెలియదు.

ఖర్చు మాట కూడా నిజమే, ఆపరేషన్‌కు లక్షలు పెట్టి వచ్చినవాళ్ళకు ఇంకో బిల్లు భారమే. రివరాక్సబాన్, అపిక్సబాన్ రెండింటికీ ఇప్పుడు మన దేశంలో జనరిక్‌లు ఉన్నాయి. ఖరీదైన బ్రాండ్ రాసి ఉంటే, తక్కువ ధరలో అదే మందు వేరే కంపెనీది తీసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. సగం కోర్సు కొనడం కంటే అది నయం.

ఈ చీటీ వచ్చినప్పుడు నేను స్ట్రిప్పు వెనక స్కెచ్ పెన్‌తో ఆఖరి మాత్ర తేదీ రాసి ఇస్తున్నాను. కొందరు ముందే ఆపేస్తారు, కొందరు ఏదో మంచిదే కదా అని నెలలు పొడిగిస్తారు, రెండూ తప్పే. మీ చీటీలో ఎన్ని రోజులో రాసి లేకపోతే డిశ్చార్జ్ అయ్యేటప్పుడే అడిగి రాయించుకోండి. వదినకు గడువు అయిపోయిన రోజు సర్జన్ ఆ వరస కొట్టేసి సంతకం పెట్టారు. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రం నడుస్తున్నాయి. వాటికి ఆఖరి తేదీ లేదు, వాటి గురించి విడిగా రాస్తాను.